కొబ్బరి పొట్టులో మొక్కల పెంపకం: నానబెట్టడం నుంచి మళ్లీ వాడుకోవడం దాకా

కొబ్బరికాయ ఒలిచాక మిగిలే డొక్కను యంత్రంలో వేసి పీచు తీస్తే, పీచు కంటే పొట్టే ఎక్కువగా రాలుతుంది. డొక్క బరువులో పీచు సుమారు మూడో వంతు మాత్రమే ఉంటుంది, తక్కినదంతా పీచు పోగులను అంటిపెట్టుకుని ఉండే గోధుమరంగు పొట్టే. కోనసీమలోనూ, తమిళనాడులోని పొల్లాచ్చిలోనూ, కేరళలోని అలప్పుళ పరిసరాల్లోనూ ఈ పొట్టు చాలాకాలం పీచు మిల్లుల వెనుక గుట్టలుగా పడి ఉండేది. వాన పడితే ఆ గుట్టల నుంచి ఎర్రగా, ఉప్పగా కారే నీరు చుట్టుపక్కల నేలకు చేటు చేసేది. అదే పొట్టును ఇప్పుడు జల్లించి, కడిగి, ఆరబెట్టి, ఇటుకలుగా అచ్చొత్తి కోకోపీట్ పేరుతో అమ్ముతున్నారు. మిరప, టమాటా నారు పెంచే షేడ్‌నెట్ నర్సరీలకూ, నగరాల్లో మేడల మీద కూరగాయలు పండించుకునేవారికీ ఇది తప్పనిసరి సరుకైంది.

ఇంతగా వాడుకలోకి వచ్చినా, దీన్ని ఎలా వాడాలో అమ్మేవారు చెప్పడం అరుదు. ఇటుకను బకెట్ నీళ్లలో వేయడం, ఉబ్బగానే కుండీలో నింపి విత్తడం, అంతటితో పని అయిపోయిందనుకుంటారు. మా మేడ మీద మొదటి ఏడాది నేనూ అదే చేశాను. టమాటా మొక్కలు బాగానే ఎదిగాయి కానీ, పూత మొదలయ్యేసరికి ఆకుల అంచులు మాడాయి, కాయల అడుగున నల్లటి గుండ్రని మచ్చ పడింది. తెగులు అనుకుని వేపనూనె పిచికారీ చేశాను. అది తెగులు కాదనీ, నేను కడగకుండా వాడిన పొట్టులోని ఉప్పు, ఆ పైన మొక్కకు అందని కాల్షియం కలిసి చేసిన పని అనీ తెలిసేసరికి పంటకాలం ముగిసిపోయింది. కొబ్బరి పొట్టులో మొక్కలు దెబ్బతినడానికి కారణం చాలాసార్లు విత్తనం వేయకముందే జరిగిన పొరపాటులో ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో నానబెట్టడం, కడగడం, కాల్షియం పట్టించడం గురించి ఎక్కువగా రాస్తున్నాను.

పొట్టు స్వభావం

కొబ్బరి పొట్టు రేణువును దగ్గరగా చూస్తే స్పాంజిలా గదులు గదులుగా కనిపిస్తుంది. ఆ గదుల్లో నీరు నిలుస్తుంది, రేణువుల మధ్య సందుల్లో గాలి ఆడుతుంది. తన బరువుకు ఏడెనిమిది రెట్ల నీటిని పట్టుకుని కూడా వేరుకు ఊపిరాడనిచ్చే గుణం మనకు చవకగా దొరికే పదార్థాల్లో మరొకదానికి ఇంతగా లేదు. కర్రకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండడం వల్ల ఇది ఆకుల ఎరువులాగా త్వరగా చివికిపోదు, రెండు మూడు పంటల వరకు తన రూపాన్ని నిలుపుకుంటుంది. పి.హెచ్., అంటే పులుపు, క్షార గుణాలను చూపే కొలత, సాధారణంగా 5.5 నుంచి 6.5 మధ్య ఉంటుంది కనుక చాలా కూరగాయలకూ, పూల మొక్కలకూ అనువైనదే. బరువు విషయానికొస్తే, 40 లీటర్ల తొట్టిని తడిసిన ఎర్రమట్టితో నింపితే 65, 70 కిలోలు తూగుతుంది, అదే తొట్టి తడి కోకోపీట్‌తో నింపితే అందులో సగం కూడా ఉండదు. పాత ఇళ్ల స్లాబుల మీద పాతిక తొట్లు పెట్టుకునేవారికి ఈ తేడా చిన్నది కాదు.

పోషకాల విషయంలో మాత్రం పొట్టు దగ్గర పొటాషియం తప్ప చెప్పుకోదగ్గది లేదు. అందులో కర్బనం, నత్రజనుల నిష్పత్తి వందకు ఒకటి కంటే ఎక్కువగా ఉంటుంది. అంటే, పచ్చి పొట్టును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మనం వేసిన ఎరువు నుంచే లాక్కుంటాయి. మొక్క పాలిపోయి కనిపిస్తే, ఎరువు వేసినా ఇలా ఎందుకయిందని ఆశ్చర్యపోతాం.

ఇక ఉప్పు సంగతి. కొబ్బరి చెట్టు క్లోరైడును ఇష్టంగా తీసుకునే చెట్టు. తీరప్రాంతాల్లో రైతులు చెట్టు మొదట్లో ఉప్పు వేసే అలవాటు ఊరికే పుట్టలేదు. చెట్టు తీసుకున్న పొటాషియం, సోడియం, క్లోరైడులలో చాలా భాగం డొక్కలోకి చేరుతుంది. కేరళలో లాగా డొక్కలను నెలల తరబడి ఉప్పుటేటి నీళ్లలో నానబెట్టి పీచు తీసే చోట ఆ ఉప్పు ఇంకా పెరుగుతుంది. ఈ ఉప్పు పొట్టులో రెండు విధాలుగా ఉంటుందని గుర్తుంచుకుంటే తరువాతి పనంతా సులువుగా అర్థమవుతుంది. కొంత భాగం నీటిలో కరిగి ఉంటుంది, అది మంచినీళ్లతో కడిగితే పోతుంది. మరికొంత సోడియం, పొటాషియం రేణువు గోడలకు విద్యుదావేశంతో అంటుకుని ఉంటుంది, అది ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా పోదు. దాన్ని అక్కడి నుంచి కదిలించాలంటే ఇంకా గట్టిగా అంటుకోగల కాల్షియం వచ్చి ఆ చోటును ఆక్రమించాలి. మనం ముందుగా కాల్షియం ఇవ్వకపోతే, మొక్క కోసం తరువాత వేసే కాల్షియాన్ని పొట్టే పట్టేసుకుని, బదులుగా సోడియాన్ని, పొటాషియాన్ని వేరు దగ్గరకు వదులుతుంది. మా టమాటాల అడుగున పడిన నల్లమచ్చ వెనుక జరిగింది ఇదే.

కొనేటప్పుడు

అంగళ్లలో మూడు రకాల సరుకు దొరుకుతుంది. మెత్తని పొట్టు ఇటుకలుగా వస్తుంది: 650 గ్రాముల చిన్న ఇటుక నాలుగు లీటర్ల నీళ్లు పీల్చి ఎనిమిది, తొమ్మిది లీటర్ల పొట్టు అవుతుంది, ఐదు కిలోల పెద్ద దిమ్మ బాగా విచ్చుకుంటే 65 నుంచి 75 లీటర్ల దాకా వస్తుంది. రెండోది చేతి వేలి కొస అంత ముక్కలుగా తరిగిన డొక్క, ఆంథూరియం, ఆర్కిడ్ వంటి వాటికి పనికొస్తుంది. మూడోది విడి పీచు, కుండీ అడుగున పరచడానికీ, వేలాడే బుట్టలకూ వాడతారు. కూరగాయలకు కావలసింది మొదటిది. అందులో కొద్దిగా సన్నని పీచు కలిసి ఉంటే మంచిదే, గాలి ఆడుతుంది. పూర్తిగా పొడిలా ఉన్నది మాత్రం నాలుగు నెలలకే అణిగి బురదలా తయారవుతుంది.

సంచి మీద 'లో ఇ.సి.' అని ఉంటే ఉప్పు తక్కువ ఉన్న, కడిగిన సరుకని అర్థం. ఇ.సి. అంటే నీటిలో కరిగిన లవణాలను కొలిచే విద్యుత్ వాహకత. మంచి సరుకులో అది 0.5 మిల్లీసీమెన్స్ లోపు ఉండాలి, కడగని పొట్టులో దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. సంచి మీద రాసినదాన్ని నేను నమ్మి ఊరుకోను, కొన్న ప్రతి కొత్త సరుకునూ ఒకసారి కొలుస్తాను. రంగు చూసి మోసపోకండి: లేత బంగారు రంగు తాజా పొట్టుకూ, ముదురు గోధుమ రంగు కొన్నాళ్లు మాగిన పొట్టుకూ గుర్తు, రెండోదే మొక్కకు మెరుగు. ఒక గ్లాసు నీళ్లలో చెంచాడు పొట్టు వేసి కలిపితే ఇసుక అడుగుకు దిగుతుంది. బరువు కోసం ఇసుక కలిసిందో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలిక మార్గం లేదు.

ఇంట్లో పూజలకు కొట్టిన కాయల డొక్కల నుంచీ, వీధి చివర బొండాల బండి దగ్గర దొరికే డొక్కల నుంచీ సొంతంగా పొట్టు చేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. వారం రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి, చేత్తో చీల్చి, కత్తెరతో తరిగితే కొంత వస్తుంది కానీ రెండు కుండీలకు సరిపడా చేసేసరికి రోజంతా పడుతుంది. వాటిని మిక్సీలో వేస్తే పీచు బ్లేడుకు చుట్టుకుని మోటారు కాలిపోయే ప్రమాదం ఉంది. ఆ డొక్కలను ముక్కలు చేసి, నానబెట్టి, పెద్ద తొట్లలో మట్టి పైన ఆచ్ఛాదనగా పరిస్తే అంతకంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

నానబెట్టడం, కడగడం

ఐదు కిలోల దిమ్మకు కనీసం 80 లీటర్లు పట్టే డ్రమ్ము కానీ, రెండు పెద్ద టబ్బులు కానీ కావాలి. దిమ్మను పొడిగా ఉన్నప్పుడు కత్తితో పొడవకండి: రేణువులు నలిగి దుమ్మవుతాయి, ఆ దుమ్ము ముక్కులోకి పోతే దగ్గు వస్తుంది. మొదట పది లీటర్ల నీళ్లు పోసి పావుగంట ఆగితే పైపొర మెత్తబడి తనంతట తాను విడిపోతుంది. అలా విడతలు విడతలుగా 25 నుంచి 30 లీటర్ల నీళ్లు పోస్తూ చేత్తో విడదీయాలి. చలికాలంలో గోరువెచ్చని నీళ్లయితే పని త్వరగా అవుతుంది.

ఉబ్బిన పొట్టును గోనెసంచిలో కానీ, పాత దోమతెర గుడ్డలో కానీ, అడుగున రంధ్రాలున్న టబ్బులో కానీ వేసి, పైనుంచి నీళ్లు పోసి పూర్తిగా కారిపోనివ్వాలి. మొదటిసారి కారే నీరు చిక్కటి డికాషన్ రంగులో ఉంటుంది. ఆ రంగు పోవడం కడగడం పూర్తయిందనడానికి గుర్తు కాదు. రంగు డొక్కలో ఉండే టానిన్‌లనే వగరు పదార్థాలది, ఉప్పుకు రంగు లేదు. కాబట్టి కంటితో కాకుండా కొలతతో తేల్చుకోవాలి. తాగునీటి ఫిల్టర్లు బిగించేవారు నీటిలో కరిగిన లవణాలను (టి.డి.ఎస్.) కొలవడానికి వాడే చిన్న టి.డి.ఎస్. మీటరు ఇందుకు చాలు. ఒక కప్పు తడి పొట్టుకు కప్పున్నర మంచినీళ్లు కలిపి, అరగంట ఉంచి, వడకట్టి, ఆ నీటిని కొలవండి. అందులోంచి మీరు కలిపిన నీటి టి.డి.ఎస్. తీసివేయండి. మిగిలిన అంకె 250 లోపు ఉంటే నిశ్చింతగా వాడవచ్చు, 500 దాటితే మళ్లీ కడగాల్సిందే. మీటరు లేనివారు, కడిగిన పొట్టులో ఇరవై మెంతిగింజలు, పక్కనే నమ్మకమైన మట్టిలో ఇరవై మెంతిగింజలు వేసి ఐదారు రోజులు చూడాలి. పొట్టులో మొలకలు తక్కువగా వచ్చినా, వేరు కొసలు గోధుమరంగుకు తిరిగినా ఉప్పు మిగిలి ఉందని అనుమానించవచ్చు.

కడిగే నీరు కూడా ముఖ్యమే. హైదరాబాదులో చాలా బోర్ల నీరు టి.డి.ఎస్. వెయ్యికి దగ్గరగా ఉంటుంది. అటువంటి నీటితో పదిసార్లు కడిగినా పొట్టులో ఉప్పు ఆ నీటిలో ఉన్నదాని కంటే తగ్గదు. మంజీరా, కృష్ణా నీళ్లు వచ్చే ఇళ్లవారు కుళాయి నీటినే వాడాలి. అన్నిటికంటే మేలైనది వాన నీరు: శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టినప్పుడు, అడుగున రంధ్రాలున్న టబ్బులో విడదీసిన పొట్టును ఆరుబయట ఉంచితే ఖర్చు లేకుండా కడుగుడు పూర్తవుతుంది. ఆర్.ఓ. ఫిల్టరు బయటకు వదిలే నీటిని మాత్రం దీనికి వాడకండి, అందులో లవణాలు మామూలు నీటి కంటే ఎక్కువగా ఉంటాయి. పొట్టు కడిగిన మొదటి నీటిని కుండీ మొక్కలకు పోయకూడదు. నేలలో కొబ్బరి చెట్టు ఉంటే దాని పాదులో పోయవచ్చు, అది తట్టుకుంటుంది.

కాల్షియం పట్టించడం

కడిగిన తరువాత చేయాల్సిన ఈ పనిని పెద్ద నర్సరీలు, పాలీహౌస్ రైతులు తప్పకుండా చేస్తారు, ఇళ్లలో పెంచేవారిలో మాత్రం నూటికి తొంభైమంది వదిలేస్తారని నా అనుభవం. లీటరు నీటికి రెండు గ్రాముల చొప్పున కాల్షియం నైట్రేట్ కరిగించి, ఆ ద్రావణంలో పొట్టు పూర్తిగా మునిగేలా రాత్రంతా నానబెట్టాలి. ఉదయం ఆ నీటిని కార్చివేసి, మంచినీళ్లతో ఒక్కసారి తేలికగా తడిపి వదిలితే చాలు. రేణువులకు అంటుకున్న సోడియం, పొటాషియం విడిపోయి ఆ నీటితో బయటకు పోతాయి, వాటి చోట కాల్షియం కూర్చుంటుంది. కాల్షియం నైట్రేట్ పురుగుమందులు, ఎరువులు అమ్మే దుకాణాల్లో నీటిలో కరిగే ఎరువుగా దొరుకుతుంది. దానిలో 15.5 శాతం నత్రజని కూడా ఉండడం వల్ల పొట్టు తొలిరోజుల్లో లాక్కునే నత్రజని లోటు కూడా కొంత తీరుతుంది. తేమ పీల్చుకుని త్వరగా ముద్ద కడుతుంది కాబట్టి గాలి చొరని డబ్బాలో, పిల్లలకు అందనిచోట ఉంచాలి.

రసాయన ఎరువులు ముట్టనివారు దీని బదులు కోడిగుడ్డు పెంకుల పొడి వాడుతుంటారు. వారి నిష్ఠను గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి: గుడ్డు పెంకులోని కాల్షియం కార్బనేట్ నీటిలో కరగడానికి నెలలు పడుతుంది, ఈ పనికి కావలసింది రాత్రికి రాత్రి కరిగి ఉండే కాల్షియం. జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్, నీటిలో కొంత కరుగుతుంది, పొట్టు పి.హెచ్.ను కూడా మార్చదు. అందువల్ల సేంద్రియ పద్ధతి పాటించేవారు సున్నం, పెంకుల పొడి కంటే జిప్సాన్ని ఎంచుకుని, ఒకటికి రెండు రోజులు నానబెట్టడం మంచిది. దేనితోనూ వీలుకాకపోతే, పొట్టును విడిగా వాడకుండా మట్టిలో నాలుగో వంతుకు మించకుండా కలపండి. మట్టిలో ఉండే కాల్షియమే చాలావరకు ఆ లోటును పూడుస్తుంది.

ఏ మొక్కకు ఎంత

మేడ మీద కూరగాయలకు కోకోపీట్ ఒక్కటే వాడడాన్ని నేను సమర్థించను. ఎరువు ఒక్క వారం ఆలస్యమైనా మొక్క పాలిపోతుంది, ఊరెళ్లి వచ్చేసరికి తోట ఖాళీ అవుతుంది. టమాటా, వంగ, బెండ, మిరప వంటివాటికి కొలత ప్రకారం రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒకటిన్నర పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మికంపోస్టు, ఒకటిన్నర పాలు కడిగిన పొట్టు కలిపి, 40 లీటర్ల తొట్టికి గుప్పెడు వేపపిండి చేరిస్తే మంచి మిశ్రమం తయారవుతుంది. పాలకూర, తోటకూర, కొత్తిమీర లాంటి పైవేరు మొక్కలకు పొట్టును సగం దాకా పెంచవచ్చు. కరివేపాకు, మందార, నిమ్మ వంటివి ఏళ్ల తరబడి ఒకే కుండీలో ఉంటాయి, పొట్టు చివికి అణగారితే వాటి మొదలు కిందికి దిగిపోతుంది, కాబట్టి వాటికి ఐదో వంతు దాటనివ్వకండి. కలబంద, అడీనియం, ముళ్ల జాతి మొక్కలకు దీన్ని వాడకపోవడమే మేలు. కొమ్మ కత్తిరింపులు వేరు తొడగడానికి పొట్టు, ఏటి ఇసుక సగం సగం కలిపితే చక్కగా పనిచేస్తుంది.

నల్లరేగడి మట్టి తప్ప మరొకటి దొరకనివారికి ఈ పొట్టు నిజమైన ఉపకారి. రేగడి తడిస్తే అంటుకుపోయి, ఆరితే బీటలు వారుతుంది. దానికి సమానంగా పొట్టు, ఎరువు కలిపితే వేరు దూరేంత గుల్లబారుతుంది.

నారు పెంపకం

కొబ్బరి పొట్టు ఒక్కటే వాడి పూర్తి ఫలితం పొందగల చోటు ఏదైనా ఉందంటే అది నారుమడే. మిరప, టమాటా, క్యాబేజీ హైబ్రిడ్ విత్తనం గ్రాముల లెక్కన కొనాల్సినంత ఖరీదైంది కనుక ఒక్క గింజ కూడా వృథా కాకూడదు. ప్రోట్రేలలో, అంటే వరుసగా చిన్న గుంతలుండే ప్లాస్టిక్ ట్రేలలో, పొట్టు నింపి పెంచే పద్ధతిలో ప్రతి మొక్కకూ తన వేరుముద్ద తనకుంటుంది, నాటేటప్పుడు వేరు తెగదు, పొలంలో రెండు రోజుల్లోనే నిలదొక్కుకుంటుంది. నత్రజనిని లాక్కునే పచ్చి పొట్టును, అంటే మాగనిదాన్ని, వాడకుండా ఇక్కడ మరింత కచ్చితంగా జాగ్రత్తపడాలి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ నర్సరీల కోసమే పులియబెట్టిన కోకోపీట్‌ను 'అర్క ఫర్మెంటెడ్ కోకోపీట్' పేరుతో రూపొందించింది.

98 గుంతల ట్రేకు సుమారు 1.2 కిలోల తేమ పొట్టు పడుతుంది. నింపే ముందు గుప్పెట్లో పిండి చూడండి: రెండు మూడు చుక్కలు రాలితే తేమ సరిపోయింది, ధారగా కారితే కాసేపు ఆరనివ్వాలి. గుంతను నింపి వేలితో అర సెంటీమీటరు నొక్కి, గింజ వేసి, అదే పొట్టుతో కప్పాలి. తేమ ముందే సరిగ్గా ఉంటే విత్తాక నీరు పోయనక్కర్లేదు. పది ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన పాలిథిన్ షీటు కప్పితే లోపలి తేమ, వెచ్చదనం మొలకకు సరిపోతాయి. మూడో రోజు నుంచి రోజూ తెరిచి చూడాలి, మొలక తల పైకి కనిపించిన రోజే ట్రేలను షేడ్‌నెట్ కిందకు చేర్చాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు పాలిపోయి సన్నగా సాగుతాయి, వాటిని మళ్లీ దారికి తేవడం కష్టం. విత్తిన 12 రోజులకు నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 నీటిలో కరిగే ఎరువును లీటరుకు మూడు గ్రాముల చొప్పున ఒకసారి, వారం తరువాత మరోసారి ఇస్తే చాలు. టమాటా నారు 25 రోజులకు, మిరప 35 రోజులకు అటూ ఇటుగా నాటుకు వస్తుంది. నాటడానికి వారం ముందు నుంచి నీటిని కొద్దిగా తగ్గించి, నీడ తొలగిస్తే మొక్క కాండం గట్టిపడుతుంది.

నీరు పెట్టడం

పొట్టు పైపొర త్వరగా ఎండి లేత రంగుకు తిరుగుతుంది, రెండంగుళాల కింద మాత్రం నీరు నిండుగా ఉంటుంది. పైన చూసి రోజూ నీరు పోసేవారి కుండీల్లో వేరు కుళ్లుతుంది, పైన పచ్చటి పాకుడు పడుతుంది, చిన్న నల్లదోమలు ముసురుతాయి. వేలు రెండు కణుపుల దాకా దింపి చూసి, అక్కడ ఆరినప్పుడే నీరు పెట్టండి. చిన్న కుండీలయితే చేత్తో ఎత్తి చూస్తే బరువే చెబుతుంది. రోహిణి కార్తె ఎండల్లో ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పెట్టాల్సి రావచ్చు. ఆషాఢ, శ్రావణాల ముసుర్లలో నాలుగైదు రోజులు అసలు ముట్టుకోనక్కర్లేదు, కుండీ కింది రంధ్రాలు పూడుకుపోకుండా చూసుకుంటే చాలు. పూర్తిగా ఎండి కుండీ అంచుల నుంచి విడిపోయిన పొట్టు మీద నీరు పోస్తే అది పక్కల నుంచి జారి కిందకు పోతుంది. అలాంటప్పుడు కుండీని నీళ్ల టబ్బులో అరగంట ఉంచితే అడుగు నుంచి మళ్లీ తడుస్తుంది.

పొట్టు వాటా ఎక్కువగా ఉన్న కుండీలకు నీరు పెట్టిన ప్రతిసారీ పోసినదాంట్లో పదో వంతైనా కిందికి కారాలి. ఎరువుల్లో మిగిలిన లవణాలు వేరు దగ్గర పేరుకోకుండా ఆ కారిన నీటితోనే పోతాయి.

ఎరువు

మట్టి, కంపోస్టు కలిసిన మిశ్రమానికి మామూలుగా వేసే సేంద్రియ ఎరువులే సరిపోతాయి: మూడు వారాలకోసారి గుప్పెడు వర్మికంపోస్టు, పదిహేను రోజులకోసారి వేరుశనగ పిండి పులియబెట్టిన నీరు లేదా జీవామృతం. కోకోపీట్ ఒక్కదానిలోనే పెంచేవారికి ఆ ద్రవాలు చాలవు, వారానికి రెండుసార్లు 19:19:19 లీటరుకు రెండు గ్రాములు, మధ్యలో ఒకరోజు కాల్షియం నైట్రేట్ లీటరుకు ఒక గ్రాము, పక్షానికోసారి మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకు ఒక గ్రాము ఇవ్వాలి. కాల్షియం నైట్రేట్‌ను మిగతా రెండింటితో ఒకే నీటిలో ఎప్పుడూ కలపవద్దు. ఫాస్ఫేట్, సల్ఫేటులతో కలిసి అది తెల్లటి మడ్డిగా అడుగుకు దిగిపోతుంది, మొక్కకు ఏదీ అందదు.

కొత్త ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కితే ఇనుము లోపం అనుకోవాలి. బోరు నీటిలోని బైకార్బనేట్లు పి.హెచ్.ను పెంచడం వల్ల ఇది వస్తుంది, మొక్క సులువుగా తీసుకోగల రూపంలో ఉండే చీలేటెడ్ ఇనుము ఆకుల మీద చల్లితే తేరుకుంటుంది. పాత ఆకుల నుంచి పసుపు మొదలైతే నత్రజని తక్కువైందని అర్థం.

పంట అయిపోయాక

పంట తీసిన తరువాత పొట్టును పారవేయకండి. మొదళ్లు, లావు వేళ్లు ఏరివేసి, రెండుసార్లు మంచినీళ్లతో కడిగి, తేమగా ఉండగానే పారదర్శక పాలిథిన్ కవరులో గట్టిగా మూటకట్టి మే నెల ఎండలో నాలుగు వారాలు ఉంచితే చాలావరకు శిలీంద్రాలు, నులిపురుగులు చస్తాయి. తరువాత మూడో వంతు కొత్త కంపోస్టు, కొద్దిగా ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంద్రం కలిపి మళ్లీ వాడుకోవచ్చు. టమాటా లేదా వంగ మొక్కలు పచ్చగా ఉండగానే హఠాత్తుగా వాడి చనిపోయిన కుండీలోని పొట్టును మాత్రం ఎండబెట్టినా ఆ జాతి మొక్కలకు వాడవద్దు, దాన్ని ఆకుకూరలకు మళ్లించండి.

పీచు మిల్లుల దగ్గర లారీల లెక్కన పచ్చి పొట్టు దొరికే కోనసీమ రైతులకు ఇంకో దారి ఉంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సూచించిన పద్ధతిలో, నీడలో నేల మీద వంద కిలోల పొట్టు పరచి దాని మీద 300 గ్రాముల ప్లూరోటస్ పుట్టగొడుగు విత్తనం చల్లాలి, పైన మరో వంద కిలోల పొట్టు పరచి దాని మీద కిలో యూరియా చల్లాలి. ఇలా మార్చి మార్చి పది వరుసలు వేస్తే టన్ను పొట్టుకు కిలోన్నర విత్తనం, ఐదు కిలోల యూరియా పడతాయి. అలప్పుళ జిల్లా కలవూరులోని కేంద్ర పీచు పరిశోధన సంస్థ ఇదే పనికి 'పిత్‌ప్లస్' అనే శిలీంద్ర మిశ్రమాన్ని తయారుచేసింది. గుట్ట ఎండిపోకుండా నీళ్లు చల్లుతూ ఉంటే రెండు నెలల్లో పొట్టు నల్లగా మారి, మట్టి వాసన వస్తుంది, కర్బన నత్రజనుల నిష్పత్తి 112:1 నుంచి 24:1 దాకా దిగుతుంది. దీన్ని కొబ్బరి, అరటి పాదులకు నేరుగా వేసుకోవచ్చు.

మేడ మీద మూడు నాలుగు పంటలు చూసి పూర్తిగా నలిగిపోయిన పొట్టు కుండీలో నీరు నిలుపుతుంది కానీ గాలి ఆడనివ్వదు. గుప్పెట్లో పిండితే వేళ్ల సందుల్లోంచి బురదలా జారుతుంటే దాని పని అయిపోయినట్టే. అప్పుడు దాన్ని కంపోస్టు డబ్బాలో వంటింటి తడి చెత్త మీద పొరలుగా వేయండి. తడిని పీల్చుకుని, వాసన రాకుండా ఆపుతుంది, ఆ చెత్తలోని నత్రజనితో తానూ ఎరువుగా మారుతుంది.